మా సంఘంలో చివరి బల్ల

మా సంఘం ఈ ఏడాది ఆత్మీయంగా ఎంత ఎదిగిందంటే, ఆదివారం ఆరాధనకు మందిరం లోపల కూర్చునేవాళ్ళే లేకుండా పోయారు. ఈ శుభవార్తను నలుగురికీ తెలియజేయవలసిందిగా ఆత్మీయ ఎదుగుదల ఉపసంఘం నన్ను ఆదేశించింది. నేనూ ఉపసంఘ సభ్యుణ్ణే కాబట్టి ఆదేశించినవారిలో నేనూ ఉన్నాను. ఇతరులు రాస్తే గొప్పలు దొర్లే ప్రమాదం ఉందనీ, వినయం గురించి రాయడానికి నా అంత తగినవాడు మరొకడు లేడనీ తీర్మానంలో స్పష్టంగా ఉంది. ఆ తీర్మానం ప్రవేశపెట్టింది కూడా నేనే.

ముందుగా ఉపసంఘం గురించి. రిటైరైన హెడ్మాస్టరు గారు అధ్యక్షులు. ఆయన గొంతు సవరించుకుంటే మనవలున్న మగవాళ్ళు కూడా చేతులు కట్టుకుంటారు. కంట్రాక్టరు గారు, పళ్ళ డాక్టరు గారు, నేను సభ్యులం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను భూములు కొలిచేవాణ్ణి. హద్దుల తగాదా ఎక్కడ వచ్చినా గొలుసు పట్టుకుని వెళ్ళి, ఇద్దరికీ నచ్చని చోట రాయి పాతి వచ్చేవాణ్ణి. విశ్వాసుల ఎదుగుదల కొలవాలంటే అలాంటి నిష్పక్షపాతి ఒకడు ఉండాలని నన్ను తీసుకున్నారు.

అంతకుముందు మాకు కొలత సులువుగా ఉండేది. ఎదిగినవాడు ముందు వరుసలో, ఎదగనివాడు వెనక వరుసలో కూర్చునేవాడు. కొత్తగా నమ్మినవాడు తలుపు దగ్గర మొదలుపెట్టి, ఏడాదికో బల్ల చొప్పున ముందుకు జరుగుతూ, జుట్టు నెరిసేసరికి పంకా కిందికి చేరేవాడు. అన్నిటికంటే ముందు, వేదిక మెట్లకు ఆనుకుని, కంట్రాక్టరు గారి మెత్త కుర్చీ ఉండేది. ఆయన ఎంత ఎదిగారంటే ఇక జరగడానికి ముందు చోటు లేదు.

అందరికంటే వెనక, తలుపు పక్కనున్న చివరి బల్ల మీద, ఏడ్చే పిల్లల తల్లులు, ఆలస్యంగా వచ్చినవాళ్ళు, దగ్గు మామ్మ కూర్చునేవారు. దగ్గు మామ్మ ఎవరికీ మామ్మ కాదు, అందరికీ మామ్మే. ఊపిరితిత్తులు ఆవిడ మాట వినడం మానేసి చాలా కాలమైంది. దగ్గు తెర వస్తే ఉన్నపళంగా బయటికి పోవాలి, అందుకే తలుపు పక్క. తోడుగా కోడలు వచ్చేది. కోడలు బట్టలు కుడుతుంది. మా సంఘంలో సగం మంది జాకెట్లు, పాస్టరు గారి తిప్పికుట్టిన కాలర్లూ ఆ అమ్మాయి చేతి పనే.

మామ్మ ఈ వయసులో కొత్తగా నమ్ముకున్న మనిషి. ఆవిడకు ఉన్నది ఒకటే కోరిక, బాప్తిస్మం తీసుకోవాలని. వచ్చే చలికాలం జాగ్రత్తగా ఉండమని ఆస్పత్రి డాక్టరు చెప్పాడు. డాక్టర్లు ఆ మాట ఎప్పుడు అంటారో ఆవిడకు తెలుసు, అందుకే తొందరపడింది. అయితే అర్థం తెలియకుండా బాప్తిస్మం నీళ్ళలో దిగనని పట్టు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారిని తలుపు దగ్గర ఆపి, ఆనాటి పాఠం మీద ఒక ప్రశ్న అడిగేది.

"అయ్యగారూ, క్షమించమన్నారు కదా. మా ఆయన పోయి చాన్నాళ్ళయింది. ఇంకా కోపం పోలేదండి నాకు. పోయినవాణ్ణి ఎలా క్షమించాలి? ఎదురుగా లేడు కదా, ఏమని చెప్పను?"

పాస్టరు గారు మెత్తటి మనిషి, కొత్తగా వచ్చిన కుర్రాయన. అలాంటి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పకుండా, "వారం ఆగండమ్మా, నేనూ ఆలోచించుకోవాలి" అనేవారు. కాపరి అన్నవాడు ఆలోచించుకోవాలనడం బాగుండదని ఉపసంఘం ఆయన చెవిన వేసింది. హెడ్మాస్టరు గారు తన సర్వీసులో ఒక్కసారి కూడా ఆలోచించుకోలేదు.

ఇలా ఉండగా పాస్టరు గారు ఒక ఆదివారం వినయం మీద ప్రసంగించారు. "ఎదగడమంటే ముందుకు రావడం కాదండి. వెనక కూర్చోవడానికి చిన్నబుచ్చుకోకపోవడం" అన్నారు. అని ఊరుకోకుండా చివరి బల్ల వైపు చెయ్యి చూపించారు. మా ఉజ్జీవానికి బీజం పడింది అక్కడే. సంఘమంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. ఇన్ని జతల కళ్ళు మీద పడేసరికి, పైటచెంగులో దగ్గుకుంటున్న మామ్మ తనేదో తప్పు చేశాననుకుని లేచి నిలబడింది.

మరుసటి ఆదివారం మందిరం తాళం తీసేసరికే కంట్రాక్టరు గారు గుమ్మంలో ఉన్నారు. సరాసరి వెళ్ళి చివరి బల్ల మూల కూర్చుని కళ్ళు మూసుకున్నారు. వెనకే వచ్చిన పళ్ళ డాక్టరు గారు ఆ దృశ్యం చూసి నీరుగారిపోయారు.

"కంట్రాక్టరు గారూ, మీరిక్కడేంటండీ? మీ హోదాకి ఇది బాగోదు. ముందుకు వెళ్ళండి."

"ఎంత మాట! మీలాంటి పెద్దలుండగా నేను ముందు కూర్చోవడమా?"

"అయితే కాస్త జరగండి."

"జరిగితే ఇది చివర అవదు కదండీ."

ఇద్దరూ అలా ఒకరినొకరు గౌరవించుకుంటూ ఉండగానే మిగతావాళ్ళం చేరుకున్నాం. కొందరు ముందుచూపున్న సోదరులు శనివారమే వచ్చి బల్ల మీద జేబురుమాళ్ళు వేసిపోయారని అప్పుడు బయటపడింది. ఒకరి ఒళ్ళో ఒకరం సర్దుకున్నాం. చోటు దొరకనివాళ్ళు దాని ముందున్న బల్లతో సరిపెట్టుకుని, తమకు ఇంకా వినయం ఒంటబట్టలేదని బాధపడ్డారు. ముందు బల్లలన్నీ బోసిపోయాయి. పాస్టరు గారు ఆ ఖాళీలకేసి చూస్తూ ప్రార్థన మొదలుపెట్టారు, గొంతు కొంచెం తడబడింది.

అప్పుడు వచ్చారు అత్తాకోడళ్ళు. కోడలు చివరి బల్ల దగ్గరికి వచ్చి, ఎవరిని అడగాలో తెలియక అందరినీ కలిపి అడిగింది.

"అయ్యా, మా అత్తయ్యకి తలుపు గాలి తగలాలండి. ఆ చివర కాస్త చోటిస్తే..."

"అమ్మాయ్, ఇది గాలి కోసం కూర్చునే చోటు కాదు" అన్నారు హెడ్మాస్టరు గారు, రెండు మోచేతుల మధ్య నుంచి తల బయటికి పెట్టి. "ముందు కావలసినంత ఖాళీ ఉంది. తీసుకెళ్ళి కూర్చోబెట్టు."

చివరి బల్ల మీదైతే ఆవిడ వెనక గోడకు ఆనుకునేది, ముందు గోడ లేదు కాబట్టి చేతులున్న కుర్చీ కావాలి. చేతులున్నది మందిరం మొత్తానికీ ఒక్కటే. అలా దగ్గు మామ్మ కంట్రాక్టరు గారి మెత్త కుర్చీలో కూర్చుంది. మైకు ఎదురుగా దగ్గింది. దగ్గుతూ బయటికి వెళ్ళడానికి మందిరం ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది, ఆయాసపడుతూ తిరిగి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. వెనక బల్ల మీద ఉన్న మేమంతా ఆ అహంభావం చూసి ముక్కున వేలేసుకున్నాం. చేతులు కదిలే వీలున్నవాళ్ళం వేసుకున్నాం.

ఆ వారమే ఉపసంఘం అత్యవసరంగా సమావేశమైంది. మొదటి వరుసలో, అందునా మెత్త కుర్చీలో కూర్చున్న వ్యక్తికి బాప్తిస్మం ఇప్పట్లో తగదనీ, వినయంలో తగిన ఎదుగుదల కనబడిన మీదట తిరిగి పరిశీలించవచ్చనీ ఏకగ్రీవంగా తీర్మానించాం. పాస్టరు గారు మామూలుగా సమావేశాల్లో నోరు తెరవరు. ఆ రోజు తెరిచారు.

"ఆవిణ్ణి అక్కడ కూర్చోబెట్టింది మీరే కదండీ!"

"కూర్చోమనడం మా వినయం" అన్నారు హెడ్మాస్టరు గారు. "వద్దనడం ఆమె వినయం. మా పని మేం చేశాం."

"చలికాలం వస్తోందండీ. ఆవిడ ఆరోగ్యం మీకు తెలుసు కదా."

"తొందరపాటు కూడా గర్వంలో ఒక రకమే, అయ్యగారూ."

ఈ జవాబులోని లోతుకు మేం చప్పట్లు కొట్టాం. పాస్టరు గారు కొట్టలేదు. ఆయన ఎదుగుదల గురించి కూడా ఒక ఉపసంఘం వేయాలని పళ్ళ డాక్టరు గారు నా చెవిలో అన్నారు.

తరువాతి అడుగు చివరి బల్లను క్రమబద్ధం చేయడం. జేబురుమాళ్ళ పద్ధతి వల్ల అర్హులకు అన్యాయం జరుగుతోందని ఫిర్యాదులు వచ్చాయి. అందుచేత చివరి బల్ల కోరేవారు ముందుగా నిలబడి, తాము ఎంత వినయవంతులో సంఘం ఎదుట సాక్ష్యం చెప్పాలని నియమం పెట్టాం. కంట్రాక్టరు గారు తన వినయం గురించి ఎంతసేపు చెప్పారంటే పాటలు తగ్గించవలసి వచ్చింది. పళ్ళ డాక్టరు గారి భార్య తాను ఉపవాసాలు ఉంటున్న సంగతి ఇంతవరకు ఏ ఒక్కరికీ చెప్పలేదనీ, ఇదిగో ఇప్పుడే అందరికీ చెబుతున్నాననీ కళ్ళు తుడుచుకున్నారు. ఒక సోదరుడు తనకు మాట్లాడడం రాదని మాత్రం అని కూర్చున్నాడు. ఎదుగుదల చాలదని అతన్ని మూడో వరుసకు పంపాం.

బల్ల ఇరుకైపోయిందని కంట్రాక్టరు గారు కొత్తది చేయించారు. గోడ నుంచి గోడ దాకా నిగనిగలాడే టేకు బల్ల. వీపు మీద ఇత్తడి పలక, దాని మీద 'అత్యంత వినయముతో సమర్పించినవారు' అని చిన్న అక్షరాల్లోనూ, ఆయన పేరు పెద్ద అక్షరాల్లోనూ చెక్కించారు. బల్ల పొడవు మరీ ఎక్కువై తలుపు ఒక రెక్క తెరుచుకోవడం మానేసింది. వినయానికి అడ్డొచ్చేది తలుపైనా సరే మూయవలసిందేనని హెడ్మాస్టరు గారు ప్రతిష్ఠ ప్రసంగంలో సెలవిచ్చారు.

పాస్టరు గారు ఉండబట్టలేక మరో ప్రసంగం చేశారు. "నేను చెప్పింది బల్ల గురించి కాదండీ, మనసు గురించి. ఎక్కడ కూర్చుంటేనేం? మీ పక్కనున్న మనిషికి గాలాడుతోందా లేదా చూడండి చాలు" అన్నారు. దాదాపు బతిమాలారు. వందన సమర్పణలో హెడ్మాస్టరు గారు ఆ ప్రసంగాన్ని ఎంతో మెచ్చుకుని, అయ్యగారు చెప్పినట్టు గాలి కూడా ముఖ్యమేనని చివరి బల్లకు విడిగా ఒక పంకా మంజూరు చేశారు.

ముందుకు పోలేక, వెనక చోటు లేక, దగ్గు మామ్మ బయట మెట్ల మీదికి చేరింది. కోడలు ఇంటి నుంచి ఒక పీట తెచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టింది. కిటికీలోంచి మాట వినబడుతుంది, గాలికి కొదవ లేదు. ఆరాధన అవగానే పాస్టరు గారు తిన్నగా అక్కడికి వచ్చి మెట్టు మీదే చతికిలబడి ఆవిడకు పాఠం చెప్పేవారు. మామ్మ ప్రశ్నలు అడిగేది. ఒక్కోసారి ఇద్దరూ నవ్వేవారు. ఆత్మీయ విషయాల్లో నవ్వు ఏమిటో మాకు అర్థం కాలేదు.

ఒక ఆదివారం ఆ దృశ్యాన్ని లోపలి నుంచి చూస్తూ పళ్ళ డాక్టరు గారు ఉలిక్కిపడ్డారు.

"ఏమండీ, ఆ మెట్టు మన బల్ల కంటే వెనక కదూ?"

మా గుండెల్లో రాయి పడింది. వెనకే కాదు, కిందకి కూడా. ఇంతకాలం మేం టేకు బల్ల మీద, పంకా కింద, ఎంత గర్వంగా కూర్చున్నామో ఆ క్షణంలో తెలిసివచ్చింది. ఆ ముసలావిడ మాత్రం ఎవరికీ చెప్పకుండా మమ్మల్ని దాటిపోయింది.

తరువాతి వారం సంఘమంతా మెట్ల మీద ఉంది. అత్తాకోడళ్ళు వచ్చేసరికి పీట వేయడానికి కాదు కదా, కాలు పెట్టడానికి చోటు లేదు. ఈసారి పోటీ పై మెట్టు నుంచి కింది మెట్టుకు పాకింది, కింది మెట్టు నుంచి చెప్పులు విడిచే చోటికి దిగింది. అక్కడ ఇక దిగడానికి ఏమీ లేదనుకుంటుండగా, నేల ఏ పక్కకు వాలి ఉందన్న వివాదం వచ్చింది. నా ఉద్యోగ అనుభవం సంఘానికి ఉపయోగపడింది ఇక్కడే. కంట్రాక్టరు గారి దగ్గరి రసమట్టం తెప్పించి, చెప్పుల వరుస పొడవునా పెట్టి చూశాను. పంపు గొట్టం పక్కనున్న మూల అన్నిటికంటే పల్లమని తేల్చాను. నిష్పక్షపాతంగా తేల్చి, వేరేవాళ్ళు వినేలోగా అక్కడ కూర్చున్నాను.

బయటివారికి ప్రసంగం వినబడడం కోసం గుమ్మం మీద లౌడ్‌స్పీకరు బిగించారు. వేదికకు ఎదురుగా కూర్చోవడం కూడా ఒక విధమైన హెచ్చేనని ఎవరో అనడంతో, అందరం వీధి వైపు తిరిగి, మందిరానికి వీపు పెట్టి కూర్చోవడం అలవాటు చేసుకున్నాం. దారిన పోయేవాళ్ళు మేం ఏదో సమ్మె చేస్తున్నామనుకుని ఆగి, డిమాండ్లు ఏమిటని అడిగేవారు. వినయం కొద్దీ మేం వారికి జవాబే చెప్పేవాళ్ళం కాదు.

ఇక లోపల. మందిరం మొత్తం ఖాళీ కాబట్టి దగ్గు మామ్మ మళ్ళీ తన పాత చోటికి, తలుపు పక్కకు చేరింది. టేకు బల్లను పాస్టరు గారి ఇల్లాలు పాస్టరమ్మ, కోడలు కలిసి పక్కకు లాగి తలుపు రెండో రెక్క తెరిచారు. మెత్త కుర్చీ తెచ్చి ఆ గాలిలో వేశారు. పాస్టరు గారు వేదిక దిగి వచ్చి, ఆవిడ ఎదుట చిన్న స్టూలు వేసుకుని, ఒక్క మనిషికి పాఠం చెప్పడం మొదలుపెట్టారు. మైకు చేతిలో ఉండేది కాబట్టి మాకూ వినబడేది, కానీ మేం ఎక్కువగా వినేవాళ్ళం కాదు. పక్కవాడు మన పల్లంలోకి జరగకుండా చూసుకోవడానికే ధ్యాసంతా సరిపోయేది.

చలి మొదలైంది. మామ్మ దగ్గు రకం మారిందని వీపు తిప్పి కూర్చున్న మాకు కూడా తెలుస్తోంది. ఒక ఆదివారం పాటలు అయ్యాక లౌడ్‌స్పీకరులో పాస్టరు గారి గొంతు వినబడింది. ఆ గొంతులో తడబాటు లేదు.

"సంఘానికి ఒక ప్రకటన. మన మామ్మగారికి ఈ రోజు, ఇప్పుడే, బాప్తిస్మం ఇస్తున్నాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే దయచేసి లోపలికి వచ్చి, ముందు వరుసలో నిలబడి, చెప్పాలి."

చెప్పుల వరుసలో కలకలం రేగింది. అనుమతి ఏది? తీర్మానం ఏమైనట్టు? హెడ్మాస్టరు గారి మొహం కందగడ్డ అయింది. "ఇది అక్రమం! నేను వెళ్ళి ఆపుతాను!" అంటూ ఆయన సగం లేచారు. లేచీ లేవకముందే కంట్రాక్టరు గారి జేబురుమాలు ఆ ఖాళీ అయిన సగంలో పడింది. హెడ్మాస్టరు గారు రుమాలును చూశారు, గుమ్మాన్ని చూశారు, మళ్ళీ రుమాలును చూశారు. తరువాత దాని మీదే కూర్చున్నారు.

"మీరు వెళ్ళండి డాక్టరు గారూ" అన్నారు.

"ముందు వరుసలోనా? నేనా? అంతటివాణ్ణా?"

నా వైపు చూశారు. నేను రసమట్టం తుడుచుకుంటున్నాను.

లోపల వేదిక పలకలు తీసిన చప్పుడు అయింది. వాటి కింద బాప్తిస్మం ఇచ్చే తొట్టి ఉంది. కోడలు, పాస్టరమ్మ తెల్లవారకముందే లేచి కాచిన వేడినీళ్ళు బకెట్ల కొద్దీ అందులో పోశారని తరువాత తెలిసింది. కాసేపటికి నీళ్ళ గలగల, "మెల్లగా అత్తయ్యా, నన్ను పట్టుకోండి" అని కోడలి గొంతు, పాస్టరు గారి ప్రార్థన. ఆ తరువాత నిశ్శబ్దం. ఊపిరి బిగబట్టడమంటే ఏమిటో, ఊపిరి ఆడేవాళ్ళం మాకు అప్పుడు తెలిసింది. నీళ్ళు చెదిరిన చప్పుడు. ఒక పెద్ద దగ్గు. దాని వెనకే, అందరం ఎరిగిన గొంతు, ఎప్పుడూ లేనంత తేలికగా.

"అయ్యగారూ, మా ఆయన మీద కోపం కూడా ఇందులోనే వదిలేశానండి."

నాకు ఎక్కడో చివుక్కుమంది. కదిలి చూస్తే కింద గులకరాయి ఉంది, తీసి పక్కవాడి వైపు పెట్టాను.

మైకు ఎవరూ ఆపలేదు. తువ్వాలు దులిపిన చప్పుడు, ఇద్దరు ఆడవాళ్ళు నవ్వుతూ ఏడుస్తున్న చప్పుడు వినబడ్డాయి. మామ్మ ఆయాసం కుదుటపడ్డాక తన అలవాటు ప్రకారం ఆ వారం ప్రశ్న అడిగింది.

"అవునండీ, వీళ్ళంతా ఇన్నాళ్ళుగా బయట కూర్చున్నారు కదా. దేనికోసమండీ?"

పాస్టరు గారు "వినయం కోసమమ్మా" అన్నారు.

"అయ్యో పాపం. దొరికిందటా?"

ఆ ప్రశ్న లౌడ్‌స్పీకరులోంచి వీధి చివరిదాకా వెళ్ళింది. దారిన పోయే సైకిలు అతను ఒక కాలు నేల మీద ఆనించి మావైపు చూశాడు. మాలో ఎవ్వరూ వెనక్కి తిరగలేదు. తిరిగితే చోటు పోతుంది. కానీ అందరి మొహాల మీదా జాలితో కూడిన చిన్న నవ్వు మెరిసింది. ఆవిడ అడిగింది పక్కవాడి గురించేనని మాలో ప్రతి ఒక్కరికీ వెంటనే అర్థమైంది.

సంఘ నివేదికలో ఈ ఏటి బాప్తిస్మాలు ఒకటి అని రాసుకున్నాం. చూసినవారు అన్న చోట, సంఘమంతా వినయంలో నిమగ్నమై ఉన్నందున ఎవరూ లేరు అని రాశాం.

ఇంతవరకు చదివిన తమరు కూడా ఇప్పుడు ఎవరో ఒకరిని తలుచుకుని నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. ఫలానావాడు ఇది తప్పకుండా చదవాలి అనుకుంటున్నారు. అలా అయితే తమరూ అర్హులే, సంకోచించకుండా రండి. నేను మాత్రం జరగను.